ఖాళీ గడి

ఆ రోజు పొద్దున నిదానం వేసుకున్న పథకం చిన్నదే: మధ్యాహ్నంలోగా పరీక్ష గట్టెక్కడం, సాయంత్రం భార్యకు తన తాత్కాలిక ఉద్యోగం ఖాయమైందని చెప్పడం. ఏ పనీ హడావిడిగా చెయ్యడని ఆఫీసులో అతనికి ఆ పేరు పెట్టారు. ఇవాళ మాత్రం హడావిడి పడ్డాడు.

జబ్బు, జీతాలకూ మెయిళ్లకూ పేర్లు అందించే ఆఫీసు ప్రోగ్రాంలో ఉంది. ఉద్యోగుల జాబితాలో ఎన్ని పేర్లుంటే అన్ని గడులు గీసి, అది వాటిని నింపుతుంది. నింపుతుండగా ఎవరైనా ఒక పేరు తీసేస్తే ఒక గడి ఖాళీగా మిగులుతుంది. ప్రోగ్రాం ఆ ఖాళీనే మనిషనుకుంటుంది, ఒక్కోసారి బోర్లా పడుతుంది. నిదానం మందు రాశాడు గానీ, ప్రోగ్రాంలను పరీక్షించే, ఆఫీసంతా అక్క అని పిలిచే ఆవిడ ఒప్పుకోలేదు.

"ముందు పాతది పడటం చూపించు నాయనా. అప్పుడే కొత్తది నిలబడిందంటే నమ్ముతా."

పాతది పడితేగా. సరిగ్గా ఆ రోజే దానికి బుద్ధి వచ్చింది. విసిగిపోయిన నిదానం, ఒకవైపు పేర్లు తీస్తూ చేరుస్తూ, అదే సమయంలో గడులు నింపించే పరీక్ష రాశాడు. ఉత్తుత్తి పేర్లు కల్పించడానికి బద్ధకించి, ఆఫీసు అసలు జాబితానే తగిలించాడు. అందులోంచి పేరు పోతే ఆ మనిషి ఫోనుకు ఉద్యోగం పోయిందన్న కబురు వెళ్తుందనీ, అతనికి తలుపు తెరుచుకోదనీ మరిచిపోయాడు.

లెక్కలాయన ఫోను చూసుకుని, సొరుగు సర్దుకోసాగాడు. ఓదార్చబోయిన పక్కసీటావిడ తన ఫోను చూసుకుని కూలబడింది. బయటికెళ్లిన మేనేజరు గాజు తలుపు అవతలే ఉండిపోయాడు.

"తలుపు తియ్యవయ్యా."

"మీ పేరు లేదండి," అన్నాడు కాపలాదారు. "ఆ, వచ్చింది, రండి. అయ్యో, మళ్లీ పోయిందండి."

నిదానానికి అప్పుడు గుర్తొచ్చింది. పరీక్ష ఆపబోతుంటే తెర మీద ఎర్ర గీత మెరిసింది.

"పడింది," అంది వెనక నుంచి అక్క, తీరిగ్గా. "అందరి పేర్లూ తిరిగి చేర్చి, ఉత్తుత్తి పేర్లతో కొత్తది నడుపు."

కొత్తది తను మొదట వేసిన పేర్ల లెక్కను నమ్మలేదు. చేతికందిన పేర్లను బట్టి గడులు తగ్గించుకుంది, పెంచుకుంది, నిలబడింది.

అంతలో మేనేజరు ఊడిపడ్డాడు. "ఎవరి నిర్వాకం ఇది?"

"పడగొట్టి చూపించమన్నది నేనే సార్," అంది అక్క. "జీతాల రోజున పడుంటే మన గతేంటి?"

నిదానం కళ్లు చెమర్చాయి. తోడబుట్టినవాళ్లు కూడా అలా అడ్డం నిలబడరని అనుకున్నాడు.

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఇంతకీ నా ఉద్యోగం ఉన్నట్టేనా?"

"ఉంది సార్."

"అమ్మయ్య. అయితే ఇతనిదీ ఖాయమే."

సాయంత్రం ఇద్దరికీ కృతజ్ఞతలు చెబుతూ ఆఫీసంతటికీ మెయిల్ వెళ్లింది. నిదానం దాన్ని భార్యకు మురిపెంగా చూపించాడు.

"అక్క పేరుంది. మీదేది?"

అతని పేరుండాల్సిన చోట ఖాళీ ఉంది. మెయిల్‌లో పేర్లు నిండుతున్న నిమిషంలోనే ఆ పేరును తాత్కాలికుల్లోంచి తీసి ఖాయమైనవారిలో చేరుస్తున్నారట.

కొత్త ప్రోగ్రాం రేపటి నుంచి అమలు.