మూడో వార్డు మురికి

ఆ పొద్దున్న రాజకుమారిని బడి బస్సెక్కించేసి సంతకి వెళ్దామనుకుంది లక్ష్మణమ్మ. ఆమె చీపురుపల్లి దగ్గర ఒక పంచాయతీలో మూడో వార్డు మెంబరు. పిల్లకి జడ వేస్తుంటే ఫోనుకి మెసేజీ వచ్చింది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవడం ఆమె మొగుడు నరసింగరావు పని. అందుకే అతనికి కాస్త గౌరవం. ఆ గౌరవానికి ఆ రోజుతో ఆయుష్షు తీరింది.

"ఇస్కూలోల్లు ఎట్టినారే. 'యువర్ వార్డ్ ఈజ్ వెరీ డర్టీ. క్లీన్ టుడే. అదర్వైజ్ టీసీ.' మన వార్డు సెత్తగా ఉన్నాదంట. ఇయ్యాల బాగుసెయ్యకపోతే పిల్లకి టీసీ ఇచ్చేస్తారంట."

"మన వార్డుతో ఆల్లకేటి పని మావా?"

"ఆల్ల బస్సు మన ఈధిలోంచే కదే వస్తాది! కాలవ కంపు కొట్టీసుంటాది."

ఈ ఏడాది జీడిపిక్కలమ్మిన డబ్బంతా ఆ ప్రైవేటు బడికి ఫీజుగా పోసేశారు. టీసీ చేతిలో పెడితే పిల్ల చదువూ పోతుంది, కట్టిన ఫీజూ తిరిగి రాదు. లక్ష్మణమ్మ జడ సగంలో వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. పంచాయతీ పనివాళ్ళు పారలతో కాలువలోకి దిగారు. మెంబరంతటిది ఇలా కంగారు పడుతోందంటే కలెక్టరే వస్తున్నాడని వీధంతా తేల్చుకుంది. జనం గుమ్మాలు కడుక్కుని, అర్జీలు రాయించుకుని నిలబడ్డారు. ఈ హడావుడిలో బడి బస్సు వచ్చి వెళ్ళిపోయిన సంగతి కూడా ఎవరికీ పట్టలేదు.

లక్ష్మణమ్మ ప్రిన్సిపాల్‌కి ఫోను చేసింది.

"మేడంగోరూ, టీసీ ఇచ్చీకండి. మా వార్డుని పారల్తో గీకించీసినాం."

"పారలతోనా?"

"బ్లీచింగు కూడా జల్లీసినాం. ఇంకా కంపు కొడితే ఫినాయిలు పోయించీస్తాను. అప్పటికీ పోకపోతే గడ్డేసి కాల్పించీస్తాను."

అవతల ఒక్క కేక వినిపించి ఫోను కట్టయింది. కాసేపటికే ప్రిన్సిపాల్ కారు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. వెనక అంబులెన్సు, దాని వెనక పోలీసు జీపు. జీపుని చూశాక జనానికి అనుమానమే లేకపోయింది. అర్జీలన్నీ కారు అద్దాల్లోంచి లోపలికి తోసేశారు.

వాటిని తోసుకుని ప్రిన్సిపాల్ కిందికి దూకింది. "పిల్ల బతికుందా?"

"ఏ పిల్లండీ?" అంది లక్ష్మణమ్మ.

"మీ వార్డు! బళ్ళో వార్డంటే మీ పిల్లమ్మా! గోళ్ళ నిండా మట్టి, తల నిండా మట్టి, అందుకని మెసేజీ పెట్టాం."

నరసింగరావు మెల్లగా జనంలోకి జారుకున్నాడు. లక్ష్మణమ్మకు అప్పటికి పిల్ల గుర్తొచ్చింది. "రాజీ!" అని గొంతు చించుకుంటే, పారలవాళ్ళ వెనకాల కాలువలోంచి, మెడ దాకా బురదతో నవ్వుతూ పైకొచ్చింది వార్డు.

ప్రిన్సిపాల్ పిల్లను ఎగాదిగా చూసి, ఎక్కడా కాలలేదని తేలాక ఊపిరి పీల్చుకుంది.

"టీసీ లేదు, ఏమీ లేదు. ముందు స్నానం చేయించండి. మామూలు నీళ్ళతో!" అని కారెక్కేసింది.

లక్ష్మణమ్మ పిల్లను రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కుపోతుంటే ఎదురింటి దేముడమ్మ అడ్డొచ్చింది. ఆ కాలువకి అడుగనేది ఉందని ఆవిడకి తెలియడం అదే మొదలు.

"పిల్లకి తానం సేయించకే తల్లీ, నెలకోపాలైనా కాలవ బాగవతాది."