ఇంకర్‌మన్ వీధి ఇరవై మూడో ఇంటి వరుసపట్టీ

కిటికీ అనేది గాలీ వెలుతురూ రావడానికి పెట్టుకున్నదని తెలియనివాళ్లు అనుకుంటారు. కిటికీ అనేది చరిత్ర. ఆ సంగతి హాజిల్‌డెన్ పురపాలక సంఘం పోయిన మార్చిలో ఏకగ్రీవంగా తీర్మానించింది. (తీర్మానం చేసిన గది కిటికీలు మాత్రం కొత్తవి. అవి చరిత్రలోకి రావు.)

ఈ తీర్మానం వెళ్లి వెళ్లి బెరిల్ ఆష్‌వర్త్ నెత్తిన పడింది. విక్టోరియా రాణిగారి కాలంలో మిల్లు కూలీలకని కట్టిన వరసిళ్లలో ఆమెది ఇరవై మూడో నంబరు. ఒకరింట్లో తుమ్మితే నాలుగో ఇంటావిడ చిరంజీవ అనే ఇళ్లవి. బెరిల్‌కు డెబ్బై అయిదేళ్లు. ముందుగది కిటికీ చట్రం ఆమెకంటే ముందే పుచ్చిపోయింది. మొగుడు సిరిల్ బతికున్నన్నాళ్లూ వచ్చే ఎండాకాలం బాగుచేస్తానంటూనే వెళ్లిపోయాడు పాపం. అతని మేజోళ్లే ఆ సందుల్లో కుక్కి నెట్టుకొస్తోంది. అయినా నవంబరు వచ్చిందంటే కొండమీద గాలి మొత్తం ఆ గదిలోనే కాపురం పెడుతుంది. పోయిన చలికాలం పట్టిన దగ్గు మార్చి నెల దాకా వదల్లేదు. డాక్టరు ఖండితంగా చెప్పాడు: "కిటికీ అయినా మార్చండి, ఊపిరితిత్తులైనా మార్చండి. కిటికీ తేలిక."

డాక్టరుకు పురపాలక సంఘం సంగతి తెలియదు.

కిటికీ మార్చాలంటే పూర్వ నివాసుల ఆచూకీ విభాగానికి నమూనా ఏడు నింపి ఇవ్వాలి. మొదటి ఇటుక పడ్డ నాటినుంచి నేటిదాకా ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెగకుండా వరుసగా, రుజువులతో రాయాలి. ఎవరి కిటికీలోంచి చూస్తున్నారో తెలియకుండా దాన్ని మార్చడం మర్యాద కాదని విభాగాధికారి క్వెంటిన్ పార్ఫిట్ అభిప్రాయం. ఆయన చాలా మర్యాదస్తుడు. మర్యాదగానే పద్ధెనిమిది దరఖాస్తులు తిప్పికొట్టాడు.

ఏప్రిల్‌లో బెరిల్ గ్రంథాలయం మేడమీద పాత రికార్డుల గదికి వెళ్లింది. ఆ గది చూసుకునే జోసీ ఆమె చేతిలో పెన్ను చూసి హడలిపోయింది.

"పెన్ను లోపల పెట్టెయ్ బంగారం! ఇక్కడ పెన్సిలే." (ఆ ఊళ్లో అందరికీ అందరూ బంగారమే, పన్ను నోటీసు తెచ్చేవాడితో సహా.)

"నేనేం గీకుతాను తల్లీ వాటిమీద?"

"అందరూ అలాగే అంటారు. పోయిన వారం ఒకాయన వాళ్ల ముత్తాత వయసు దిద్దబోయాడు."

ఇద్దరూ కలిసి 1881 జనాభా లెక్క తీశారు. ఇరవై మూడో ఇంట్లో ఎజ్రా క్లెగ్, నేతగాడు. పెళ్లాం, తొమ్మిది మంది పిల్లలు, అద్దెకున్న ఒక బ్రహ్మచారి. కింద రెండు గదులు, పైన రెండు.

"పన్నెండు మందా!" అంది బెరిల్. "నేనొక్కదాన్నే అటు తిరిగితే ఇటు తగులుతాను. వీళ్లు ఎక్కడ పడుకున్నారే?"

"వంతులవారీగా."

"అంత ఇరుకులో తొమ్మిది మంది పిల్లలకి సందు ఎక్కడ దొరికిందీ అని."

"ఇరుకు కాబట్టే దొరికారు బంగారం," అంది జోసీ, పేజీ తిప్పుతూ.

1911 దాకా పని సాఫీగానే సాగింది. ఆ ఏడు లెక్క కాగితం ఇంటాయనే స్వయంగా నింపుకోవాలి. అప్పటి ఇంటాయన ఒబడయా పికప్‌కు ఆ రోజు పొద్దుపోలేదో, ప్రభుత్వం మీద కోపమో గానీ, భార్యాబిడ్డల పేర్ల కింద ఇంకో వరుస రాశాడు: టిబ్బీ, వయసు నాలుగు, వృత్తి ఎలుకల నివారణ, వివాహం కాలేదు, సంతానం పదిహేడు. లెక్కల గుమాస్తా దాన్ని ఎర్రసిరాతో కొట్టేశాడు.

బెరిల్ తెచ్చిచ్చిన నకలు చూస్తూ పార్ఫిట్ ఆ గీత దగ్గర ఆగిపోయాడు.

"ఈ నివాసి విషయం వివాదంలో ఉంది, మిసెస్ ఆష్‌వర్త్."

"అది పిల్లి నాయనా."

"పిల్లి అని మీరంటున్నారు. నివాసి అని గృహస్థుడు సంతకం పెట్టాడు. కాదని గుమాస్తా కొట్టేశాడు. నేను ఎవరి పక్షమూ వహించలేను."

"పదిహేడు మంది పిల్లలని రాశాడు కదయ్యా! మనుషులకు ఉంటారా?"

"ఎజ్రా క్లెగ్ గారికి తొమ్మిది మంది. అప్పుడు మీరు అభ్యంతరం చెప్పలేదు."

ఈ ముడి విప్పడానికి ఆరు వారాలు పట్టింది. నూట పన్నెండేళ్ల తర్వాత టిబ్బీ తిరిగొచ్చి కిటికీ విషయంలో అభ్యంతరం చెప్పే అవకాశం బహు స్వల్పమని బెరిల్ ప్రమాణపత్రం రాసిచ్చింది. ఉపసంఘం దాన్ని నాలుగు ఓట్లతో ఆమోదించింది. ఒక్కాయన వ్యతిరేకించాడు. (ఆయనింట్లో నాలుగు పిల్లులున్నాయి.)

1921 లెక్క ఏ పేచీ లేకుండా దాటింది. తర్వాత 1931 లెక్క. అది అగ్నిప్రమాదంలో బూడిదైంది. బూడిదైనట్టు ధ్రువపత్రం తెమ్మన్నారు, తెచ్చింది. 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కే తీయలేదు. తీయలేదన్నదానికీ ధ్రువపత్రం తెమ్మన్నారు, అదీ తెచ్చింది. అక్టోబరు నాటికి ఆమె ఎవరింటికి టీకి వెళ్లినా క్లెగ్గుల పిల్లల్లో ఎవరికి ఎప్పుడు కోరింత దగ్గు వచ్చిందో చెప్పుకుంటూ కూర్చునేది. తన దగ్గు కూడా మెల్లగా మొదలైంది. యుద్ధం మొదలైన ఏడు, 1939లో, ఇంటింటికీ తిరిగి రాసిన పట్టీతో సహా మొత్తం కట్టగట్టి పార్ఫిట్ బల్లమీద పెట్టింది.

ఆయన చివరి పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"1939 తర్వాత ఎవరూ లేరే?"

"తర్వాత మా అత్తగారు. 1971 నుంచి నేను. పెళ్లైన మర్నాడే వచ్చాను. వాన."

"రుజువు?"

"ఇదిగో, ఎదురుగా కూర్చున్నానుగా!"

"అదే చిక్కు మిసెస్ ఆష్‌వర్త్. జీవించి ఉన్నవారి వివరాలు నూరేళ్లు మూసి ఉంచాలి. వారి గోప్యత మాకు పవిత్రం."

"నా సంగతి నాకు చెప్పకుండా దాస్తావా?"

"ముఖ్యంగా మీకు. మీరు ఎవరో మాకు తెలియదు కదా."

"ప్రతి గురువారం మా చెత్త డబ్బా తీసుకెళ్లేది మీరే కదయ్యా!"

"అది చెత్త విభాగం. వాళ్లకు మీరు తెలిసి ఉండవచ్చు."

బెరిల్ దగ్గింది. ఆయన మర్యాదగా, దగ్గు అయ్యేదాకా ఆగాడు.

"మరి దారేమిటి నాయనా?"

"చాలా తేలిక. సదరు నివాసి మరణ ధ్రువపత్రం జతచేస్తే పట్టీ వెంటనే తెరుస్తాం. ఆరు పనిదినాలు."

"సదరు నివాసి అంటే?"

"మీరే. అసలు పత్రం కావాలి. నకలు చెల్లదు."

అంత త్వరగా తేలేనని బెరిల్ చెప్పింది. ఆయన ఆ మాట కూడా రాసుకున్నాడు.

నవంబరు రెండో వారంలో విభాగం తుది నిర్ణయం వచ్చింది. దరఖాస్తుదారు శ్రద్ధను మెచ్చుకుంటూనే, రుజువులను బట్టి ఇరవై మూడో ఇల్లు 1939 నుంచి నిర్జనంగా ఉన్నట్టు తేల్చారు. నిర్జన గృహాలకు కొత్త కిటికీ ఇవ్వడానికి నిబంధన లేదు. వాటి కిటికీలకు చెక్కలు బిగించడానికి మాత్రం ఉంది, అదీ ఉచితంగా.

మంగళవారం పొద్దున్నే డెరెక్ అనే వడ్రంగి నిచ్చెనతో దిగాడు. తలుపు తట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించి తట్టాడు. బెరిల్ తలుపు తీసింది.

డెరెక్ కాగితం చూశాడు, ఆమెను చూశాడు. "ఇంట్లో ఎవరూ లేరని రాశారు బంగారం."

"లేరు నాయనా. చలిలో నిలబడకు, లోపలికి రా. టీ పెట్టాను."

రెండు కప్పుల టీ, మూడు ముక్కల అల్లం కేకు అయ్యాక డెరెక్ పని మొదలుపెట్టాడు. మంచి పనివాడు. ఒక్క మేకు వంకర పోలేదు. చివరి చెక్క పడేసరికి గాలి ఆగిపోయింది, ముందుగది చీకటైపోయింది. అతను ఇబ్బందిగా నిలబడి జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

"ఏమనుకోవద్దు బంగారం, ఇల్లు ఖాళీగా ఉందని ఇంట్లోవాళ్లు ఎవరైనా ఒక సంతకం పెట్టాలట."

బెరిల్ దీపం వేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పూర్తి పేరుతో సంతకం చేసింది. యాభై రెండేళ్ల కాపురంలో ఆ ఇంటి దస్త్రంలోకి ఆమె పేరు ఎక్కడం అదే మొదటిసారి.