సున్నా నుంచి వందకు, వయా కువాలా సెపత్

తంజుంగ్ మవార్ రాష్ట్రం అభివృద్ధిలో నత్తనడక నడుస్తోందని ప్రతిపక్షం వాళ్లు అసెంబ్లీలో అన్నప్పుడు, యువజన, క్రీడా, వేగ వ్యవహారాల మంత్రి దాతుక్ సెరీ ముజమ్మిల్ అందరిలా కోపం తెచ్చుకోలేదు. ప్రెస్ మీట్ పెట్టారు.

"మన రాష్ట్రం సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లలో వెళ్తుందో ప్రపంచానికి చూపిస్తాం," అన్నారు.

వంద అంటే ఏమిటని ఒక విలేకరి అడిగాడు. గంటకు వంద కిలోమీటర్లు అని మంత్రిగారు ఓపిగ్గా చెప్పారు. అంత స్పీడులో రాష్ట్రం ఎక్కడికి వెళ్తుందని మాత్రం ఎవరూ అడగలేదు. అప్పటికే నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలు పంచడం మొదలైంది.

పథకం చాలా శాస్త్రీయమైనది. మంత్రిగారి బావమరిదికి ఎర్రని ఇటాలియన్ స్పోర్ట్స్ కారు ఉంది. అది బావమరిదిదేనని కాగితాలన్నీ ఘోషిస్తాయి. పాపం, బావమరిదికి డ్రైవింగ్ రాదు. రోడ్ల కాంట్రాక్టర్ తాన్ శ్రీ వోంగ్‌కు వెండి రంగు జర్మన్ కారు ఉంది. కువాలా సెపత్ వైపు కొత్తగా వేసిన తిన్నని రోడ్డు మీద మంత్రిగారు, వోంగ్ ఇద్దరూ స్వయంగా నడుపుతారు. గీత దగ్గర ఆగి బయల్దేరిన బండి వంద అందుకోగానే ఎలక్ట్రానిక్ బోర్డు మీద సెకన్లు పడతాయి. ఆ క్షణాన పెద్ద కంచు గంట మోగుతుంది. ఏ కారు గొప్పదో తేలిపోతుంది.

ఏర్పాట్లన్నీ ప్రొటోకాల్ ఆఫీసర్ పువాన్ రోహాయా, అంటే రోహాయా మేడమ్ నెత్తిన పడ్డాయి. రోహాయా ఆ శాఖకు ప్రాణం. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో, ఎవరి పేరు ముందు ఎన్ని బిరుదులు పలకాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆమె మొగుడు మజ్లాన్ కువాలా సెపత్‌లో చేపల వ్యాపారి. కూతురు ఇఫ్ఫా తండ్రి దగ్గరే పెరుగుతోంది, తల్లిని ఎక్కువగా ఫొటోల్లోనే చూస్తుంది. నన్ను అక్కడికి బదిలీ చేయండి మహాప్రభో అని రోహాయా మూడేళ్లుగా మొత్తుకుంటోంది. మంత్రిగారు ప్రతిసారీ ఒకటే అంటారు. ఇంత మంచి ఆఫీసర్‌ని అంత పనికిమాలిన ఊరికి పంపితే దేవుడు క్షమించడు, పైగా అక్కడ ఖాళీ కూడా లేదు.

ఈసారి మాత్రం ఆయన మనసు కరిగింది. ఏ మర్యాదా తప్పకుండా ఈ పోటీ గట్టెక్కిస్తే కువాలా సెపత్ సంగతి ఆలోచిస్తానన్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. బిరుదుల వరుసలో తాన్ శ్రీ పైమెట్టు, దాతుక్ సెరీ కిందిమెట్టు. ఆ లెక్కన వోంగ్ ముందుండాలి. కానీ ముజమ్మిల్ మంత్రి, కాంట్రాక్టులు ఇచ్చే చెయ్యి. ఆ లెక్కన ఆయన ముందుండాలి. ఎవరు గట్టిగా తొక్కితే వాళ్లే ముందుంటారని రోహాయా మీటింగులో అనేసింది.

"ప్రొటోకాల్‌లో 'ఎవరు తొక్కితే వాళ్లు' అనేది ఎక్కడుందమ్మా?" అన్నారు మంత్రిగారు.

నిజమే, ఎక్కడా లేదు. అందుకని ఆమె రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకుని, పొద్దున్నే మంత్రిగారి చెవిలో ఒక మాట వేసింది. తాన్ శ్రీ బిరుదులో పెద్దవారు, కాస్త ఆయనకు దారి ఇచ్చినట్టు కనిపిస్తే మీ హుందాతనం జనానికి తెలుస్తుంది. ఆ తర్వాత వోంగ్ దగ్గరికి వెళ్లింది. మంత్రిగారు ఆతిథ్యమిచ్చేవారు, కాస్త ఆయనకు దారి ఇస్తే మీకే మంచిది. ఇద్దరూ తలూపారు. రోహాయా ఇంటికి వెళ్లి సూట్‌కేసు దుమ్ము దులిపింది.

పోటీ రోజున జనం రోడ్డుకు అటూ ఇటూ జెండాలతో నిలబడ్డారు. ఇంజన్లు ముందే స్టార్ట్ చేశారు. వేదిక మీద అనౌన్సర్ వచ్చిన పెద్దల బిరుదులన్నీ వరుసగా చదివి ముగించేసరికి రెండు బానెట్లూ పెనాల్లా కాలిపోతున్నాయి. జెండా ఊగింది. జనం చెవులు మూసుకున్నారు.

రెండు కార్లూ కదల్లేదు.

ఎర్ర కారు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. "సిలా, దయచేయండి, తాన్ శ్రీ. ముందు మీరు."

వెండి కారులోంచి ఇంకో చెయ్యి వచ్చింది. "అయ్యో, ఎంత మాట. సిలా, దాతుక్ సెరీ. ముందు మీరే."

ఎర్ర కారు జానెడు కదిలి, తప్పు చేసినట్టు ఆగింది. వెండి కారు జానెడు కదిలి, ఇంకా పెద్ద తప్పు చేసినట్టు వెనక్కి తగ్గింది. ఇటలీ, జర్మనీ ఇంజనీర్లు ఎన్నేళ్లు తల పగలగొట్టుకున్నా సాధించలేని సమానత్వాన్ని మన పెద్దలు అలా సాధించారు. అరటికాయ బజ్జీలమ్మే మక్చిక్ పిన్ని ఒకామె తన తోపుడు బండిని పక్కనుంచి తోసుకుంటూ రెండింటినీ దాటిపోయింది. చివరికి ఎర్ర కారులోంచి పొగ వచ్చింది. ఇద్దరూ దిగి, చేతులు పట్టుకుని, ఒకర్నొకరు ముందుకు తోసుకుంటూ భోజనాల టెంటు వైపు నడిచారు. బోర్డు మీద సెకన్ల దగ్గర గీతలే మిగిలాయి. గంట మోగలేదు.

సాయంత్రానికి ఆ వీడియో దేశమంతా చూసింది. మంత్రిగారు రోహాయాను పిలిపించారు.

"ఈమెను ఫోన్ సిగ్నల్ కూడా అందని ఊరికి పంపించు," అన్నారు పీఏ అజ్రుల్‌తో.

"అలాంటిది ఒకటే ఉంది, దాతుక్ సెరీ. కువాలా సెపత్."

"అక్కడ ఖాళీ ఉందా?"

"అక్కడ ఎప్పుడూ ఖాళీయే, దాతుక్ సెరీ."

మూడేళ్లు విన్న మాట గుర్తొచ్చి రోహాయా గుండె భగ్గుమంది. వెంటనే ఇఫ్ఫా గుర్తొచ్చింది, కళ్లలో నీళ్లు జలజలా రాలాయి. అదే కొంప ముంచింది. మంత్రిగారిది వెన్నలాంటి మనసు. ఆడమనిషి కన్నీళ్లు చూడలేరు.

"సరే, సరే, ఏడవకమ్మా. క్షమించాను. ఇక్కడే ఉండు," అంటూ కాగితం పక్కకు నెట్టారు.

రోహాయా ఉద్యోగ జీవితంలో ఎవరి బిరుదూ మింగిన మనిషి కాదు. కళ్లు తుడుచుకుంది. మంత్రిగారు నిలబడి ఉండగానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ దయ, ముజమ్మిల్ గారూ," అంది.

అజ్రుల్ చేతిలో పెన్ను జారి కింద పడింది. మంత్రిగారే వంగి ఆ పెన్ను తీసుకున్నారు. మూడేళ్లుగా కదలని బదిలీ, ఆ పెన్ను తిరిగి కిందికి విసిరేలోపే పూర్తయింది.

మర్నాడు రోహాయా పాత చిన్న కారులో రైస్ కుక్కరు, సూట్‌కేసు, ఇఫ్ఫాకు కొన్న కొత్త చెప్పులు పెట్టుకుని కొత్త రోడ్డెక్కింది. టెంట్ల కాంట్రాక్టర్ అప్పలసామి మనుషులు అడ్డంగా గుంజలు మోస్తుంటే తెల్లగీత దగ్గర ఆగింది.

"పెద్దోళ్ల పోటీ అయిపోయిందిగా, పోండి పువాన్," అని అప్పలసామి దారి ఇచ్చాడు.

ఆమె ఎవరినీ ముందు వెళ్లమనలేదు. కాలు మొత్తం కిందికి తొక్కింది. అందరూ ఆపడం మరిచిపోయిన బోర్డు ఆమె వెనకాల కాసేపు అంకెలు తిప్పి, తిప్పి, పందొమ్మిది సెకన్ల దగ్గర ఆగి, రాష్ట్ర రికార్డు అని ఎర్రగా వెలిగింది.

అప్పలసామి బోర్డు వైపు చూశాడు. లారీలోకి ఎక్కిస్తున్న కంచు గంటను దింపించి, కర్ర తీసుకుని ఒక్కటి వాయించాడు.