పన్నెండణాల భయం

రాజధాని అన్నాక బతికున్నవాళ్ళకు మాత్రమే శాఖలుంటే చాలదు. ఈ సత్యాన్ని కర్నూలు గుర్తించినంత తొందరగా మరే రాజధానీ గుర్తించి ఉండదు. గుమాస్తాలు గుడారాల్లో కాపురముంటూ, తేళ్ళను ఇరుగుపొరుగుగా భావించడం నేర్చుకుంటున్న ఆ 1954లోనే, గ్రంథాలయం వెనక ఖాళీ జాగాలో ఇంకో గుడారం లేచింది. దాని మీద ‘ప్రేత నవలా పాఠకాభిప్రాయ సేకరణ శాఖ’ అన్న బోర్డు వెలసింది. (బోర్డు గుడారం కంటే రెండు మూరలు పొడవు. గాలి లేచినప్పుడు బోర్డే గుడారాన్ని పట్టుకుని నిలబడేది.)

కారణం లేకపోలేదు. ఆ ఏడాది దయ్యాల నవలలు వేరుశనగ కంటే బాగా పండాయి. నెలకు నాలుగు వచ్చేవి. అట్ట మీద తెల్లచీర, చేతిలో దీపం, వెనక పాడుబడ్డ బంగళా. జనం వాటిని చదివి, భయపడి, ఊరుకుంటున్నారు. భయమంతా ఇట్లా లెక్కాపత్రం లేకుండా పోతూంటే చూస్తూ కూర్చోవడం సబబు కాదని శాఖవారు ఒక నిబంధన చేశారు. దయ్యాల నవల చదివిన ప్రతివారూ ఇరవయ్యొక్క ప్రశ్నల పత్రం నింపి ఇవ్వాలి. అది ఆమోదం పొందేదాకా ఆ నవల తరువాయి భాగం ఇవ్వబడదు.

ఈ నిబంధన కింద పడ్డ మొట్టమొదటి మనిషి మద్దమ్మ. చివరి మనిషీ ఆమే. మిగతా పాఠకులు భక్తి పుస్తకాలకు మారిపోయారు. దేవుడి మీద అభిప్రాయం ఎవరూ అడగరు.

మద్దమ్మకు అరవై ఆరేళ్ళు. గుమాస్తాలకు జొన్నరొట్టెలు కొట్టి అమ్ముతుంది. బడి గడప తొక్కలేదు. అంగట్లో బెల్లం, చింతపండు కట్టిచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, వాటి మీది అక్షరాలను అంగళ్ళ బోర్డులతో పోల్చుకుంటూ ఒక్కొక్కటే నేర్చుకుంది. ఆ చదువులో ఒక ఇబ్బంది ఉంది. కాగితం మీద రాజు గుర్రమెక్కుతాడు. అంతటితో కాగితం అయిపోతుంది. ఆ రాజు చేరాడో లేదో అని ఆమెకు ముప్పై ఏళ్ళుగా దిగులే.

అసలు దిగులు వేరు. పదిహేనేళ్ళ కిందట, పత్తికొండలో ఉన్నప్పుడు, ఆమె మొగుడు సోమన్న ఆదోనికి పత్తి బండి కట్టాడు. గడప దాటి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, “మద్దమ్మా, నీకొకటి చెప్పల్ల” అన్నాడు. ఆమె కంగారు మనిషి. “యాడికి పోతాండావు, ఆదోనికేనా?” అంది. బయలుదేరినవాణ్ణి యాడికని అడగకూడదు. అడిగితే, అతను కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ లేవాలి. సోమన్న కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. “పొద్దు పోయింది. వచ్చినాక చెప్తాలే” అని లేచాడు. దారిలో ఆస్పరి దాటాక కలరా తగులుకుంది. బండిని ఎవరో తోలుకొచ్చారు.

అటువంటి మనిషి చేతికి ‘వాకిట నిలిచినవాడు’ అనే నవల వచ్చింది. మూడు భాగాలు. మొదటి రెండూ నిబంధనకు ముందే గ్రంథాలయంలో దొరికాయి. దారిలో చచ్చిపోయిన ఒక వర్తకుడు మొదటి భాగం నిండా తన ఇంటి వాకిట నిలబడతాడు. రెండో భాగం చివర భార్య తలుపు తీస్తుంది. అతను నోరు తెరుస్తాడు. పుస్తకం అయిపోతుంది.

మూడో భాగం శాఖవారి ఇనప్పెట్టెలో ఉంది.

గ్రంథాలయం చూసుకునే నాగన్న బల్ల మీద పత్రం పరిచి, ప్రశ్నలు పైకి చదివాడు. మద్దమ్మ కుడి చేతి కింద ఎడమ చెయ్యి ఆనించుకుని, గుండ్రాళ్ళంత అక్షరాలతో రాసింది.

“నాలుగోది, అవ్వా. ‘భయము ఎంత కలిగినది?’ పదహారణాల రూపాయికి ఇన్ని అణాలని రాయల్లంట.”

“భయాన్ని అణాలతో కొలుస్తారా నాయనా?”

“సేర్లతో కొలుద్దామన్న్యారంట. సేరు ఊరికొక తీరుగా ఉండాదని మానుకున్న్యారు.”

“పన్నెండణాలు.”

“అంత భయపడితివా దయ్యానికి?”

“దయ్యానికి యాడ భయపడితి? పుస్తకం అయిపోయిందే, దానికి.”

తొమ్మిదో ప్రశ్న ఇటీవలి దయ్యాల నవలల మీద నిర్మొహమాటమైన అభిప్రాయం కోరింది. (జవాబుకు ఒకటిన్నర గీత జాగా ఇచ్చారు.) మద్దమ్మ నిర్మొహమాటంగా మార్జిన్లోకి, అక్కణ్ణించి వెనక వైపుకూ పోయింది. ఈ పుస్తకాల్లో దయ్యాలన్నీ మల్లెపూలు పెట్టుకుంటాయనీ, మన పక్క చైత్రంలో కూడా మూర మల్లెలు బతికున్నవాళ్ళకే దొరకవనీ రాసింది. ప్రతి దయ్యానికీ ఒక బంగళా ఉందనీ, గుడిసెలో చచ్చినవాళ్ళు ఎక్కడ తిరగాలో ఏ రచయితా చెప్పలేదనీ రాసింది. దయ్యాలన్నిటికీ పగే గానీ పనులుండవనీ, తనకు తెలిసి చచ్చినవాళ్ళలో పగ మిగిలినవాళ్ళకంటే మాట మిగిలినవాళ్ళే ఎక్కువనీ రాసింది.

పదహారో ప్రశ్న: కథలో నమ్మశక్యము కాని అంశమేది?

‘వస్తానని పోయినోడు రావడం’ అని రాసింది.

నాగన్న గబగబా పదిహేడో ప్రశ్నకు పోయాడు.

పరిశీలనాధికారి రామకృష్ణగారు మర్యాదస్థులు. పత్రాన్ని నిలబెట్టీ, పడుకోబెట్టీ చూశారు.

“అభిప్రాయాలు బాగున్నాయమ్మా. అయితే ఇవి మీవేనని రుజువేదీ? ఎంతవరకు చదువుకున్నారు?”

“పొట్లాల వరకు, సారూ.”

“అలాగైతే పొట్లాలు కట్టిన దుకాణదారుచేత ధ్రువపత్రం తీసుకురండి.”

“ఆ శెట్టి చచ్చిపోయి ఏడేండ్లాయ.”

రామకృష్ణగారు కలవరపడలేదు. ఆ శాఖలో ఇటువంటివి మామూలే. “స్వయంగా హాజరైతే మాకు అభ్యంతరం లేదు” అన్నారు.

మద్దమ్మ శెట్టి కొడుకు చేత రాయించుకొచ్చింది. కొడుకు పొట్లాలు కట్టినది తండ్రి తదనంతరం కనుక అది చెల్లదన్నారు. శెట్టి అంగడి పాత కాగితం ఒకటి గుడ్డలో చుట్టి పట్టుకొచ్చింది. దాని మీద రాజు గుర్రమెక్కుతున్నాడు. కథ పూర్తిగా లేదు కనుక చదువూ పూర్తి కానట్టేనన్నారు. ఇట్లా రెండేళ్ళు గడిచాయి. రోజూ గుడారం తెరవకముందే మద్దమ్మ వచ్చి రొట్టెల గంప దించుకుని కూర్చునేది.

“ఎందుకవ్వా అంత ఆత్రం?” అన్నాడు నాగన్న. “ఏముంటాది మూడో భాగంలో? ‘గొడ్లకు మేతెయ్యి’ అంటాడేమో.”

“అననీ. ఆ మాటైనా ఇననీ. నేను పోతే మళ్ళ ఎవరింటారు, నువ్వింటావా?”

చివరికి పొట్లాల చదువును ‘ప్రత్యేక సందర్భం’గా పరిగణించవచ్చునని రామకృష్ణగారు ఒప్పుకున్నారు. కొత్త పత్రం రాసి, రేపు తెమ్మన్నారు. ఆ రేపు 1956లో, రాజధాని హైదరాబాదుకు పోయే రోజుల్లో పడింది.

మద్దమ్మ పత్రం పట్టుకుని వచ్చేసరికి గుడారం లేదు. నాలుగు మేకులూ, నేల మీద చదరంగా పసుపెక్కిన గడ్డీ ఉన్నాయి. లారీ మీద బోర్డు, బోర్డు కింద ఇనప్పెట్టె, పెట్టె మీద రామకృష్ణగారు. పెట్టె తాళం అప్పటికే సీలు చేశారు. సీలు తీసే అధికారం హైదరాబాదులో ఉంది. ఆయన వంగి పత్రం అందుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకున్నారు.

“అక్కడ కుదురుకున్నాక చూస్తాంలేమ్మా. తప్పకుండా కబురు చేస్తాం.”

మద్దమ్మ ఈసారి ఏమీ అడగలేదు. హైదరాబాదు ఎంత దూరమని అడగలేదు. ఎక్కడ దిగుతారని అడగలేదు. చెంబుతో నీళ్ళు మాత్రం అందించింది. ఆయన తాగి, చెంబు తిరిగిచ్చి, కళ్ళజోడు సర్దుకున్నారు. లారీ మలుపు తిరిగేదాకా ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

మరుసటేడు మే నెలలో నాగన్న ఎండనపడి ఆమె ఇంటికొచ్చాడు. చేతిలో కవరు.

“అవ్వా, హైదరాబాదు నుంచి! నీ కాగితమే వాపసొచ్చినాది.”

కాగితం నాలుగు మడతలూ అట్లాగే ఉన్నాయి. ఎర్ర సిరాతో ఒక మాట చేర్చారు: ‘ఏప్రిల్ నెల మొదలు నయాపైసలు అమలులోకి వచ్చినందున, అణాలలో తెలిపిన భయము స్వీకరింపబడదు. నెల రోజుల గడువులోగా సవరించి పంపవలెను.’

“అంతేనవ్వా. మిగతా ఇరవై జవాబులూ ఒప్పుకున్న్యారు! పన్నెండణాలంటే డెబ్బై ఐదు నయాపైసలు. ఈడ కొట్టేసి ఆడ రాస్తే మూడో భాగం నీదే. కలం తెచ్చినా. రాయి.”

మద్దమ్మ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. తను రాసిన అక్షరాలే. చెమట మరక కూడా తనదే. గడప దాటి, వస్తానని పోయినవాటి కోసం ఆమె పద్దెనిమిదేళ్ళుగా చూసింది.

“తిరిగొచ్చినాదప్పా!” అంది.

“తొందరగా రాయవ్వా. టపా పోతాది.”

“వద్దు నాయనా. ఇంత దూరం పోయి తిరిగొచ్చినదాన్ని మళ్ళీ పంపిస్తారా ఎవరైనా?”

కాగితాన్ని మడతల వెంబడే మడిచి, రాజు గుర్రమెక్కుతున్న పొట్లం కాగితంతో కలిపి గుడ్డలో చుట్టింది. నాగన్నకు చెంబుతో నీళ్ళిచ్చింది.

ఆ సంవత్సరం శాఖవారి వార్షిక నివేదిక నలభై పుటలు వచ్చింది. ముప్పై ఆరో పుటలో ఇట్లా ఉంది: ‘కర్నూలు పాఠకురాలు మద్దమ్మ గడువులోగా బదులివ్వలేదు. కథ ముగింపు పట్ల ఆమెకు ఆసక్తి లేనట్టు భావించి, మూడవ భాగమును శాశ్వతముగా దస్త్రములో దాఖలు చేయడమైనది.’