గంటమ్మ తిట్టని పది రోజులు

విభూది బుధవారం ఆరు గంటల పూజకు వెళ్ళి, నుదుట బూడిద పెట్టించుకుని, ఏడున్నరకల్లా తిరిగొచ్చి కుట్టు మిషను ముందు కూర్చోవాలన్నది టైలరు వేసుకున్న పథకం. స్కూలు యూనిఫారాలు పద్దెనిమిది జతలు శనివారానికి ఇచ్చెయ్యాలి. పథకంలో లోపమేమీ లేదు. కాకపోతే ఫాదర్ గారి ప్రసంగం మొదలవగానే ఆయన ఎప్పటిలాగే వెనక బెంచీలో స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు. తరువాత జరిగిన గొడవంతా ఆ పన్నెండు నిమిషాల నిద్ర చలవే.

ఆ పన్నెండు నిమిషాల్లో ఫాదర్ గారు చెప్పినది ఇది. ఈస్టరుకు ముందొచ్చే ఈ నలభై రోజుల తపస్సు కాలంలో మాంసం మానేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, మీకు నిజంగా కష్టమైనదేదో అది మానండి. మానినట్టు ఎవరికీ చెప్పకండి. ఉపవాసమున్నవాళ్ళు మొహం వేలాడేసుకోకుండా, శుభ్రంగా మొహం కడుక్కుని, తలకు నూనె రాసుకుని తిరగమని ప్రభువే చెప్పాడు. ముందు బెంచీలో కూర్చున్న టైలరు భార్య ఈ మాటలన్నీ పొల్లుపోకుండా విన్నది.

ఆవిడను విచారణలో, అంటే ఆ గుడి కిందికొచ్చే పేటలన్నిట్లో, అందరూ గంటమ్మ అంటారు. గుడి గంట వినిపించని సందుల్లో కూడా ఆవిడ గొంతు వినిపిస్తుంది మరి. పీఠం మీది గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే, పూజకు ఆలస్యంగా వచ్చినవాళ్ళను గుమ్మంలోనే కడిగేసేదీ ఆవిడే. ఇంట్లోనైతే కాజాలు కుడుతూ టైలరును తిట్టడం ఇరవై ఆరేళ్ళుగా నడుస్తున్న దినచర్య. ఆ ఉదయం మోకాళ్ళ మీద ఉండి ఆవిడ నిజాయితీగా ఆలోచించుకున్నది. మాంసం తనకొక లెక్క కాదు. కష్టమైనది నోరు. ఈ నోటితో ఆ మనిషి ఎంత వేగిపోయాడో, ఈ నలభై రోజులైనా సుఖపడనీ అనుకున్నది. ఈస్టరు దాకా ఎవర్నీ పల్లెత్తు మాట అనననీ, ఎందుకని అడిగితే చెప్పననీ దేవుడికి మాటిచ్చేసింది.

ఇంటికొచ్చాక టైలరు నిద్రమత్తులో ఒక చొక్కా చెయ్యి రెండు అంగుళాలు తక్కువ కత్తిరించాడు. కత్తిరించాక చూసుకుని, తిట్ల కోసం తల వంచుకుని కూర్చున్నాడు. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే భార్య తలకు నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని, నవ్వుతూ నిలబడి ఉంది.

"పోనీలెండి. మనిషన్నాక పొరపాటు చెయ్యకుండా ఉంటాడా" అన్నది.

పోయేముందు మనుషులు మెత్తబడతారని టైలరు ఎక్కడో విన్నాడు.

గురువారం ఆయన కావాలనే తడి తువ్వాలు పరుపు మీద పడేశాడు. "పోనీలెండి" అంటూ తీసి ఆరేసింది. శుక్రవారం బురద చెప్పులతో వంటింట్లోకి నడిచాడు. "పోనీలెండి, నేల ఎలాగూ కడగాలి" అన్నది. శనివారం యూనిఫారాలు నాలుగు జతలు తక్కువయ్యాయి. "సోమవారం ఇద్దాంలెండి, కొంపలేం మునిగిపోవు" అన్నది. ఇరవై ఆరేళ్ళలో ప్రతి శనివారమూ కొంప మునిగిన ఇల్లది. టైలరు ఆ రాత్రి నుంచి భార్య ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకోసాగాడు.

ఆదివారం ఉండబట్టలేక అడిగేశాడు. "నా దగ్గర ఏమన్నా దాస్తున్నావా?"

గంటమ్మ ఇరకాటంలో పడింది. ఏమీ లేదంటే అబద్ధం, ఉందంటే వ్రతభంగం. చివరికి, "దాచేది ఉందిలెండి. ఇప్పుడు చెప్పకూడదు. ఈస్టరు దాకా ఓపిక పట్టండి, ఆ తరువాత అంతా మీకే తెలుస్తుంది" అని ఆయన చెయ్యి నిమిరింది.

ఈస్టరు దాకా. డాక్టర్లు ఇచ్చిన గడువు అంతేనన్నమాట అని టైలరు లెక్క కట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే గుడి ఆవరణలోని మందుల గది దగ్గర నర్సమ్మను పట్టుకున్నాడు. ఆవిడ గుడిలో పాటల బృందంలో ఉంటుంది.

"మా ఆవిడ ఈమధ్య మీ దగ్గరికొచ్చిందా, చెల్లెమ్మా?"

గంటమ్మ వచ్చిన మాట నిజమే, పన్ను సలుపుతోందని. కానీ నర్సమ్మ నిబంధనల మనిషి. "రోగుల సంగతులు బయట చెప్పకూడదు అన్నయ్యగారూ. ఆవిడనే అడగండి" అన్నది.

"చెప్పగలిగే జబ్బు కాదన్నమాట."

"నేనలా అనలేదు."

"అనలేవులేమ్మా. నాకర్థమైంది" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నర్సమ్మ ఆలోచనలో పడింది. పంటి నొప్పికి మొగుడు ఏడవడు. అంటే ఏదో పెద్దాసుపత్రిలో ఇంకేదో తేలి ఉండాలి. ఈ సంగతి ఆవిడ ఎవ్వరికీ చెప్పలేదు, ఒక్క పాటల లీడరుకు తప్ప. అది కూడా ప్రార్థనలో తలుచుకోవడానికే. పాటల లీడరు కూడా ప్రార్థన కోసమే ఇంకో నలుగురికి చెప్పింది. ప్రార్థన కోసం అని ముందు చేర్చుకుంటే ఏ సంగతైనా ఎవరికైనా చెప్పవచ్చునని ఆ విచారణలో ఒక ఒప్పందం ఉంది.

మంగళవారానికి సంగతి పూలు అమర్చే ఆవిడ దాకా వెళ్ళింది. ఆవిడకూ పాటల లీడరుకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఒక పూలకుండీని పాటల బృందానికి అడ్డంగా పెట్టడం దగ్గర మొదలైన తగాదా అది. బుధవారం ఆ ఇద్దరూ ఎవరికి వారు జావ గిన్నెలు పట్టుకుని గంటమ్మ గుమ్మంలో ఎదురుపడ్డారు. ఒకదాంట్లో ఉప్పు లేదు, రెండోదాంట్లో ఉప్పు తప్ప ఏమీ లేదు. గంటమ్మ రెండూ తాగింది.

"బాగుందమ్మా. రెండూ చాలా బాగున్నాయి" అన్నది.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఒకరు వండినదాన్ని గంటమ్మ బాగుందనడం ఎవరూ ఎరగరు. బయటికొచ్చి, గేటు దగ్గర ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నాలుగేళ్ళ తగాదా అక్కడితో తీరిపోయింది. గురువారం గుడికి బెంచీలూ శవపేటికలూ చేసే వడ్రంగి తలుపు బందులు చూస్తానని వచ్చి, బందుల కేసి చూడకుండా గంటమ్మను తల నుంచి పాదాల దాకా రెండుసార్లు చూసి, "తొందరేం లేదులెండి అక్కయ్యా" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే టైలరు ఫాదర్ గారి గదిలో కూర్చుని బావురుమన్నాడు. "ఆవిడ లేకపోతే నేను బతకలేను ఫాదర్. కత్తెర ఎక్కడ పెట్టానో కూడా ఆవిడ అరిస్తేనే నాకు గుర్తొస్తుంది."

ఫాదర్ గారు గడ్డం నిమురుకున్నారు. "మొన్న ఆదివారం నా ప్రసంగం బాగుందని చెప్పింది. నాకు అప్పుడే అనుమానమొచ్చింది" అన్నారు. మర్నాడు సిలువ మార్గం ప్రార్థన అయిపోగానే అందరి ముందూ ఆవిడకు రోగుల అభ్యంగనం ఇద్దామని, అంటే నుదుటికీ చేతులకూ తైలం పూసి ప్రార్థిద్దామని, నిశ్చయించారు.

శుక్రవారం సిలువ మార్గానికి మామూలుగా తొమ్మిది మంది వస్తారు. ఆ శుక్రవారం గుడి లోపల చోటు చాలక మెట్ల మీద నిలబడ్డారు. గంటమ్మ మొహం కడుక్కుని, తలకు నూనె రాసుకుని వచ్చి, విచారణ ఇంతగా మారిపోయిందా అని మనసులోనే దేవుణ్ణి స్తుతించింది. గోడల మీది పద్నాలుగు సిలువ స్థలాల దగ్గరా ప్రార్థన పూర్తయింది. అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడను రెక్క పట్టి నడిపించి పీఠం ముందు వేసిన కుర్చీలో కూర్చోబెట్టారు. ఫాదర్ గారు తైలం సీసాతో వచ్చి నిలబడ్డారు.

కూర్చున్న చోటి నుంచి గంటమ్మకు అన్నీ కనిపించాయి. పీఠం గుడ్డ ముడతలు పడి ఉంది. కొవ్వొత్తి కారి ఇత్తడి మీద గడ్డ కట్టింది. ఎవడో చెప్పులతో బెంచీ ఎక్కి నిలబడ్డాడు. ఆవిడ పెదవులు బిగించి, కళ్ళు మూసుకుని, ఇంకా ముప్పై చిల్లర రోజులు అనుకున్నది.

"తైలం పూసేముందు ఆవిడ గురించి భర్త రెండు మాటలు చెబుతారు" అన్నారు ఫాదర్ గారు.

టైలరు మైకు పట్టుకున్నాడు. జనాన్ని చూసేసరికి కంగారు, భార్యను చూసేసరికి దుఃఖం. "మా ఆవిడ దేవత" అన్నాడు. "ఇరవై ఆరేళ్ళలో నన్ను ఒక్కనాడు కూడా పల్లెత్తు మాట అనలేదు."

గంటమ్మ కళ్ళు తెరిచింది.

"సిలువ ముందు నిలబడి అబద్ధమా?" అన్నది.

మైకు అవసరం లేకుండానే ఆ మాట మెట్ల మీదివాళ్ళకు వినిపించింది. "అనలేదా? పొద్దున లేచిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నాను కదండీ మిమ్మల్ని. చొక్కా చేతులు రెండూ సమానంగా కత్తిరించడం ఇన్నేళ్ళకూ రాని మనిషిని అనక ముద్దు పెట్టుకోమంటారా? ఆ బెంచీ మీద వాణ్ణి ముందు దిగమనండి, అది కూర్చునేది, తొక్కేది కాదు. పీఠం గుడ్డ ఎవరు పరిచారు, నిద్దట్లో పరిచారా? జావలో ఉప్పు వెయ్యాలని ఒకరికి తెలీదు, ఎంత వెయ్యాలో ఇంకొకరికి తెలీదు. అసలు నాకెందుకు తైలం? నాకేమొచ్చింది?"

టైలరు మైకు వదిలేసి వచ్చి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. "ఇంకా తిట్టవే" అన్నాడు. వెనకాల ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తైలం మూతయినా తియ్యకముందే స్వస్థత జరిగిందని పాటల లీడరు స్తోత్రగీతం ఎత్తుకున్నది.

గంటమ్మ మాత్రం రెండు చేతులతో నోరు మూసుకున్నది. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. "పది రోజులు ఉగ్గబట్టుకున్నాను ఫాదర్. నోరు మానేశాను. ఎవరికీ చెప్పొద్దన్నారు కదా, చెప్పలేదు. నా నోరు లేకపోతే ఈయన సుఖపడతారనుకున్నాను. అంతా పాడైపోయింది."

"సుఖమా?" అన్నాడు టైలరు. "ఈ పది రోజులూ నేను బతికున్నానా అసలు? నువ్వు పోతావేమోనని నిద్ర పోలేదే. నువ్వు తిడుతున్నంతసేపూ నాకేమీ కాదనిపిస్తుంది. ఇన్నేళ్ళలో నీకామాట చెప్పనే లేదు, నాది తప్పు."

గంటమ్మ ఆయన చొక్కా కాలరు సరిచేసింది. అక్కడున్న ఆడవాళ్ళలో చాలామంది కొంగులతో, రుమాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు.

ఫాదర్ గారు సీసాను జేబులో పెట్టుకుని, జనం నిండిన గుడిని ఒకసారి తేరిపార చూశారు. ఆరేళ్ళుగా ఆయన బతిమాలినా రాని జనం. నాలుగేళ్ళ తరువాత ఒకే పాటల పుస్తకం పట్టుకుని నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

"మీ ఉపవాసం చాలమ్మా" అన్నారు నెమ్మదిగా. "దేవుడు పది రోజులకే తృప్తి పడ్డాడు. ఆ నోటితో ఇక్కడ పని ఉంది. గురువారం గురువారం ఇల్లిల్లూ తిరిగి, మర్నాడు సిలువ మార్గమని మీ పద్ధతిలో చెప్పి రండి."

తరువాతి శుక్రవారం గుడి మళ్ళీ కిటకిటలాడింది. ఎవరి ఆరోగ్యం కోసం వచ్చారని ఫాదర్ గారు గుమ్మంలో అడిగితే, మా ఆరోగ్యం కోసమేనండీ అన్నాడు వడ్రంగి.