వీధికొక ర్యాపర్ ఉండాలి

ప్రతి వీధికీ ఒక ర్యాపర్‌ని ప్రభుత్వమే కేటాయించాలని ఈ వారం నేను గట్టిగా డిమాండ్ చేస్తున్నాను. కుళాయి, దీపం, చెత్తబండి ఇచ్చాక కాదు. వాటికంటే ముందే!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మా వీధికి ఆ అదృష్టం పట్టి ఎనిమిది నెలలైంది.

మా ర్యాపర్‌కి యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా హిప్ హాప్‌లోనే ఉన్నాడు. ఒకప్పుడు ఆయన స్టేజీ ఎక్కితే జనం కుర్చీలు విరగ్గొట్టేవారట. ఇప్పుడు ఆయనే కుర్చీ గట్టిదో కాదో చూసుకుని మరీ కూర్చుంటున్నాడు. మోకాళ్ళకు పట్టీలు, మెడలో స్కూటర్‌ని స్తంభానికి కట్టేసుకోదగినంత లావు గొలుసు. అందుకే వీధంతా ఆయన్ని గొలుసు మామయ్య అంటుంది. మా ఎదురుగా టైలరమ్మ షాపు మీద గది అద్దెకు తీసుకున్నాడు. వచ్చిన రోజే ప్రకటించాడు. తన ఆరో ఆల్బమ్ మా వీధి మీదే. పేరు ‘డోర్ నంబర్లు’. ఇంటికో పాట.

చప్పుడు భరించలేక చచ్చి ఉంటారే అని జాలిపడుతున్నారా? మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి. మాకు ఒరిగినవన్నీ లాభాలే!

ఆయన పొద్దున ఆరింటికి సాధన మొదలుపెడతాడు. దాంతో వీధిలో అలారం గడియారాలన్నీ నిరుద్యోగులయ్యాయి. మా వంటింటి కిటికీ ఆరేళ్ళుగా బిగుసుకుపోయి ఉంది. ముగ్గురు వడ్రంగులు చూసి చేతులెత్తేశారు. రెండో పాట బేస్‌కి అది తనంతట తనే తెరుచుకుంది. ఇప్పుడు మూసుకోవడం లేదనుకోండి, గాలి ఆరోగ్యానికి మంచిదే కదా!

టైలరమ్మ రోజుకు నాలుగు చొక్కాలు కుట్టేది. ఇప్పుడు బీట్‌తో పాటు మిషను తొక్కి తొమ్మిది కుడుతోంది. ఒక చెయ్యి పొడుగు, ఇంకో చెయ్యి పొట్టి అవుతున్న మాట నిజమే. అయినా రెండు చేతులూ సమానంగా వాడేవాళ్ళు ఈ రోజుల్లో ఎంతమంది? ఇక మా మామగారు. మాతోనే ఉంటారు. చెవి మిషను డ్రాయర్లో పడేసి, ఇన్నాళ్ళకు అన్నీ హాయిగా వినిపిస్తున్నాయని మురిసిపోతున్నారు.

వీధిలో మనుషుల మధ్య దూరం కూడా తగ్గిపోయింది. ఇదివరకు పక్కింటివాళ్ళ మనసులో ఏముందో తెలియాలంటే ఏళ్ళు పట్టేది. ఇప్పుడు మూడు నిమిషాలు చాలు! పదేళ్ళ కిందటి చొక్కా తెచ్చి, అద్దంలో తమని తాము చూసుకోకుండా, సరిగ్గా ఈ కొలతకే కుట్టమనేవాళ్ళ గురించి టైలరమ్మకున్న అభిప్రాయం ఐదో పాటలో తెలిసింది. వీధిలో సగం మంది ఆ రోజంతా పొట్ట లోపలికి పీల్చుకుని తిరిగారు. నేను కూడా.

లిఫ్ట్ మెకానిక్ పాట ఇంకా గొప్పది. పగలంతా ఊళ్ళోవాళ్ళ లిఫ్టులు బాగుచేసి, ఇంటికొచ్చి నాలుగంతస్తులు మెట్లెక్కే మనిషి. ఆ పాట విని ఇంటి ఓనరు మనసు కరిగింది. లిఫ్ట్ పెట్టించలేదు గానీ, రెండో అంతస్తు దగ్గర కూర్చోవడానికి ఒక బల్ల వేయించాడు.

గొలుసు మామయ్య పని చేసే పద్ధతి విచిత్రంగా ఉంటుంది. చిన్న రికార్డరు పక్కన పెట్టుకుని, ఒక్క ప్రశ్న వేసి, ఇక నోరు విప్పడు. నోటితో బతికే మనిషి అంతసేపు నోరు మూసుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. పాట తయారయ్యాక ముందు ఆ ఇంటికే తీసుకెళ్ళి, ఆ మనిషికే వినిపిస్తాడు. ఉంచమంటే ఉంచుతాడు. వద్దంటే వాళ్ళ కళ్ళముందే తీసేస్తాడు.

వీధి చివర పళ్ళ డాక్టరు వద్దన్నాడు. అందులో ఆయన ఏం చెప్పుకున్నాడో ఇప్పటికీ వీధిలో ఎవరికీ తెలియదు. ఆల్బమ్ మొత్తానికి అదే మంచి బీట్ అట. మూడు వారాల కష్టం. గొలుసు మామయ్య అక్కడికక్కడే బటన్ నొక్కి పాట చెరిపేసి, డాక్టరిచ్చిన కాఫీ తాగి వచ్చేశాడు. నేను పడీపడీ నవ్వాను. అనుమతులు అడుగుతూ కూర్చుంటే సాహిత్యం పుడుతుందా? నేను పందొమ్మిదేళ్ళుగా పేపర్లో కాలమ్ రాస్తున్నాను, ఏనాడైనా ఎవరినైనా అడిగానా?

మాది డోర్ నంబర్ పద్నాలుగు. మా పాట వంతు ఎప్పుడొస్తుందా అని నేను కాచుక్కూర్చున్నాను. ఆయన పని తేలిక చేద్దామని నా కాలమ్ కటింగులు మూడు ఫైళ్ళు అడక్కుండానే ఇచ్చాను. నా బట్టతలకు తగిన ప్రాసలు కూడా రెండు సూచించాను. కిందటి నెల ఒక ఆదివారం పొద్దున పదింటికి స్పీకరు చంకన పెట్టుకుని రానే వచ్చాడు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కుర్చీ వెలుతురు వైపు తిప్పుకుని కూర్చున్నాను.

ఆయన నన్ను దాటి వంటింటి వైపు చూసి, “అమ్మా, మీ పాట” అన్నాడు.

పొరపాటు పడుతున్నారని, ఈ ఇంట్లో రచయితను నేనని మర్యాదగా గుర్తుచేశాను.

“మీరు వారం వారం చెప్పుకుంటూనే ఉన్నారు కద సార్” అన్నాడు. “ఇంట్లో ఇంకొకరున్నారు.”

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. టైలరమ్మ షాపులో నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆయనతో మాట్లాడిందట. ఆ నాలుగు సాయంత్రాలూ ఇంటికి ఆలస్యంగా వచ్చిందని నేనొక కాలమ్ రాశాను. బాగా పేలింది కూడా.

పాట మొదలైంది.

గేటు గుద్దిందెవరు? కారు తోలిందెవరు?
పేపర్లో నవ్వింది వేలమంది, నన్ను అడిగిందెవరు?

మూడేళ్ళ కిందట మా ఆవిడ కారు రివర్స్ చేసి గేటు గుద్దేసిందని నేను రాసింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మీ ఉత్తరాలు ఇంకా దాచుకున్నాను. మా ఆవిడకు కారు నడపడం రాదు. గేటు గుద్దింది నేను.

ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది. ఇరవై మూడేళ్ళ సర్వీసు. పసిపిల్లల చేతిలోనైనా మొదటిసారే నరం దొరకబుచ్చుకుంటుందని డాక్టర్లే చెబుతారు. ఆ కాలమ్ వచ్చినప్పటి నుంచీ, చెయ్యి చాపినవాళ్ళు ‘గేటు గుద్దింది మీరే కదూ, సూది జాగ్రత్త’ అని నవ్వుతున్నారట. కొందరు లేచి పక్క టేబులు దగ్గరికి వెళ్ళిపోతున్నారట. ఇదంతా నాకు నా హాల్లో, నా కుర్చీలో కూర్చుని, బీట్‌తో సహా తెలిసింది.

పాట ఆగింది. గొలుసు మామయ్య బటన్ మీద వేలు పెట్టుకుని ఆవిడకేసి చూస్తున్నాడు. ఆ పాట బయటికి వెళితే నా పందొమ్మిదేళ్ళ పరువు గంగలో కలిసినట్టే! అవన్నీ జోకులేనని, పాఠకులకు ఆ మాత్రం తెలుసునని గొణిగాను. వద్దను, వద్దను అని మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాను. ఆవిడ నా వైపు చూడనైనా లేదు.

“ఉంచండి” అంది. “మా నాన్నగారి మీద ఒక లైను ఉంది కదా, అది తీసెయ్యండి. ఆయన్ని నేను అడగలేదు” అంది.

ఆ రెండో మాట దగ్గర నాకు సిగ్గేసింది. సరదాకి అనడం లేదు, నిజంగానే సిగ్గేసింది. వ్యంగ్యం రాసేవాడికి ఇది వృత్తిపరంగా పెద్ద దెబ్బ.

ఆల్బమ్ విడుదలైంది. పద్నాలుగో నంబరు పాట ఆటోల్లో, సెలూన్లలో మోగుతోంది. ల్యాబ్‌లో ఇప్పుడు ఆవిడ టేబులు దగ్గరే లైను పొడుగ్గా ఉంటోందట. కాబట్టి నా డిమాండ్‌లో మార్పు లేదు. ప్రతి వీధికీ ఒక ర్యాపర్ ఉండి తీరాలి. ఒక్క చిన్న సవరణ: కాలమ్ రాసేవాడున్న వీధికి మాత్రం మినహాయింపు ఇవ్వాలి. చప్పుడు గురించి కాదు నా బాధ. ఇంత చప్పుడు చేసే మనిషి, నాకు పందొమ్మిదేళ్ళలో తోచని ఒక్క ప్రశ్న మా ఆవిడని నెమ్మదిగా అడిగాడు.

ఈ కాలమ్ పేపరుకు పంపే ముందు ఆవిడ చేతికిచ్చాను. గేటు సంగతి ఉంచమంది. మామగారి ముక్క ఆయనకు చదివి వినిపించాను. వినబడలేదు గానీ సరేనన్నారు. ఆ ఆదివారం గొలుసు మామయ్య వెళ్ళిపోయాక ఆవిడ నాతో ఏమందో కూడా ఇక్కడ ఒక పేరా రాశాను. ఆవిడ చదివి, నా పెన్ను తీసుకుని, అడ్డంగా గీత కొట్టేసింది. అది పేపర్లో వెయ్యడానికి చెప్పిన మాట కాదంది.