తోర్‌లైఫ్ కోళ్లకు దీపం

ఆ ఉదయం తోర్‌లైఫ్ వేసుకున్న పథకం చిన్నదే. ఎవరి కంటా పడకుండా సిగ్నే ఊలు దుకాణానికి వెళ్లి ఒక దీపం అద్దెకు తెచ్చుకోవాలి. ఉత్తర నార్వేలో, సెన్యా దీవిలోని మా రేవు నుంచి నవంబరు చివర్లో వెళ్లిపోయిన సూర్యుడు మళ్లీ జనవరి దాకా ముఖం చూపించడు. ఆ చీకటి దిగులుకు మందుగా సిగ్నే తెల్లటి దీపాలు అద్దెకిస్తుంది. రోజూ ఓ అరగంట దాని ముందు కూర్చుంటే మనసు కుదుటపడుతుందట. భార్య హెడ్విగ్ పోయాక తోర్‌లైఫ్‌కు ఇదే మొదటి చీకటికాలం. మంచం దిగేసరికి పదకొండవుతోంది. కొన్ని రోజులు అదీ లేదు.

దుకాణంలో పెట్రా ఉంది. ఉత్తరాలతో పాటు ఊరి కబుర్లూ ఇంటింటికీ చేర్చే మనిషి.

"దీపం నీకేనా?" అంది.

నలభై ఏళ్లు సముద్రం మీద చేపలు పట్టినవాడు దిగులుగా ఉందని ఎలా చెబుతాడు?

"నాకెందుకు? కోళ్లకి. చీకటికి గుడ్లు పెట్టడం మానేశాయి."

అతనికి కోళ్లు లేవు.

మర్నాడు ఏడింటికే పెట్రా తలుపు తట్టింది. "అరడజను గుడ్లివ్వవయ్యా. క్రిస్మస్‌కి ఏడు రకాల బిస్కెట్లు చెయ్యాలి."

"వాటికింకా దీపం అలవాటవలేదు. రేపు రా."

పరువు దక్కాలి కదా. ఏడున్నర బస్సెక్కి పక్క ఊళ్లో గుడ్లు కొన్నాడు. ఒక్కొక్క దాని మీది కంపెనీ ముద్రనూ వెనిగర్‌తో తుడిచాడు. అంత సన్నపనికి తగిన వెలుతురు ఇంట్లో ఆ దీపం ఒక్కదానికే ఉంది కనుక దాని ముందే కూర్చున్నాడు. తర్వాత గుడ్ల కోసం మరో ముగ్గురొచ్చారు. వారం తిరిగేసరికి పాస్టరుగారు డజను అడిగారు. రోజూ ఏడున్నర బస్సు, ఆపైన దీపం, గుడ్లు. డ్రైవరు ఇతనికీ కలిపి కాఫీ తేవడం మొదలుపెట్టాడు.

అంతలో పెట్రా, "శనివారం మా మనవరాలొస్తోంది. నీ కోళ్లను చూస్తుందట," అంది.

ఇక దాచలేననుకున్నాడు తోర్‌లైఫ్. దీపం చంకన పెట్టుకుని సిగ్నే దగ్గరికి నడిచాడు.

"కోళ్లు లేవు. దీపం నాకే. హెడ్విగ్ లేని ఇంట్లో పొద్దున్నే లేవబుద్ధి కాలేదు."

సిగ్నే అల్లిక ఆపలేదు. "తెలుసు. అరవై గడపల ఊళ్లో నీకు కోళ్లు లేవని తెలియనిదెవరికి? పైగా ఏ కోడీ వెనిగర్ వాసనతో గుడ్డు పెట్టదు. నిన్ను మంచం దింపాలని వంతులేసుకుని వస్తున్నాం. మనవరాలి సంగతి మాత్రం పెట్రా చేసిన అతి. మా ఇంట్లో ఇప్పుడు గుడ్డు చూస్తే పిల్లలు పారిపోతున్నారు."

అతని కళ్లు తడిశాయి. దీపాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"దీపం తీసుకెళ్లు," అంది సిగ్నే.

మర్నాడు ఏడింటికి తలుపు చప్పుడైంది. ఎదురుగా పెట్రా.

"కోళ్ల సంగతి తెలిసిందిలే. కాసిని మేకపాలు పోస్తావా?"

తోర్‌లైఫ్‌కు మేకా లేదు. ఏడున్నర బస్సు మాత్రం ఉంది.